సన్మానం కంటే ముందు



మన పిల్లల్లో ఎవరికైనా డాక్టరేటు వస్తే శాలువా కప్పి ఫోటో దిగుతాం. అంతకుముందు గడిచే ఐదారేళ్ళ సంగతి మాత్రం అడగం. అడిగినా, "ఇంకా చదువేనా? పెళ్ళెప్పుడు?" అంటాం. ఆ మాట పడలేక పండక్కి ఇంటికి రావడం మానుకొన్నవాళ్ళున్నారు.

మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022–23 నుంచి కొత్తవారికి ఆపివేశారు. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. దక్కినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది, సంతోషమే. కాని ఆ సొమ్ము ఒక్కోసారి నెలల తరబడి రాదు. మెస్సు బిల్లు అన్నాళ్ళు ఆగుతుందా?

కనుక సన్మానాలకు పెట్టే డబ్బును ఆ నెలల్లో వడ్డీ లేని చేబదులుగా ఇద్దామని మా ప్రతిపాదన. గైడుతో పేచీ వచ్చి నిద్రపట్టని పిల్లతో మాట్లాడేందుకు, ఆ దారి నడిచొచ్చిన లెక్చరర్లు మనలోనే ఉన్నారు. వారి పేర్లు ఆఫీసులో రాసి ఉంచాం. వచ్చినవారి పేరు ఎక్కడా రాయం.