ఘాటు దిగే ముందు బ్రేకు లెక్క
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి మీద మాట్లాడేందుకు సమర్థులు చాలామంది ఉన్నారు. నేను బండి బ్రేకుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను మెకానిక్కును కాను, జీవితమంతా ఫైళ్ళు మోసిన గుమాస్తాను. చేసిన తప్పు ఒప్పుకోవడానికే లేచి నిలబడ్డాను.

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక మన జైనూర్ ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు జిల్లా పని అంటే ఉట్నూరు మీదుగా ఆదిలాబాద్ పోయేవాళ్ళం. ఇప్పుడు కెరమెరి ఘాటు దిగక తప్పదు. అడవి, మలుపులు, పక్కన లోయ. ఆ దారి మీకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు.

నా దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న మారుతి 800 ఉంది. ఆ మోడలు తయారీ 2014లోనే ఆగిపోయింది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. ఒక వేసవిలో ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమనే శబ్దం మొదలైంది. 'పెన్షను పడనీ, చూద్దాం' అనుకున్నాను. అలా రెండు నెలలు గడిచాయి. తరువాత కీచు పోయి గరగర వచ్చింది. శబ్దం మారింది కదా, తగ్గిందేమో అనుకున్న తెలివి నాది.

ఆ రోజు మా ఆవిడ, మనవడు బండిలో ఉన్నారు. ఘాటు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి, ఇంజను ఆపేశాను. ఈ సభలో ఆ పని చేసేవారు ఇంకా కొందరున్నారని నాకు తెలుసు. రెండు మలుపులు బాగానే దాటాం. మూడో మలుపు దగ్గర పెడల్ తొక్కితే రాయిలా ఉంది. కాలిన వాసన వచ్చింది. "ఏందిది, బండి ఆగుతలేదా?" అంది మా ఆవిడ. జవాబు చెప్పే స్థితిలో లేను. తాళం ముందే ఆన్‌లో ఉంది కనుక స్టీరింగు బిగుసుకోలేదు. మూడో గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను అందుకుంది. రెండో గేరుకు తెచ్చి, హ్యాండు బ్రేకు మెల్లమెల్లగా లాగి, కొండవైపు అంచున ఆపాను. మనవడు నవ్వుతున్నాడు, ఆట అనుకున్నాడు. నా చేతులు మాత్రం పావుగంట వణికాయి.

జరిగిందేమిటో ఉట్నూరు డిపోలో పనిచేసి రిటైరైన డ్రైవరు మిత్రుడొకరు తరువాత విడమరచి చెప్పారు. ఇంజను ఆపితే బ్రేకు బూస్టరుకు బలం అందదు. ఒకటి రెండుసార్లు తొక్కేసరికి ఉన్నది అయిపోతుంది. గేరు లేకపోతే ఇంజను బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఆయిలు పాతదైతే అది మరో ప్రమాదం. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరితే 140 దగ్గరే మరగవచ్చు. ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకంటుతుంది. వేగం రెట్టింపైతే ఆపడానికి ఖర్చయ్యే శక్తి నాలుగింతలు అన్న మాట కూడా ఆయనదే.

ఇక బడ్జెటు సంగతి. ఒక షెడ్డులో చూపిస్తే, "పాత బండి గదా సార్, మొత్తం మార్చేద్దాం" అని డిస్కులు, ప్యాడ్లు, వెనుక షూలు, డ్రమ్ములు, మాస్టరు సిలిండరు అన్నీ కలిపి అంచనా రాశారు. నెల పెన్షనులో పెద్ద ముక్క. మన ఆఫీసు అలవాటు ప్రకారం ఇంకో రెండు చోట్ల కొటేషన్ అడిగాను. మిత్రుణ్ణి వెంటబెట్టుకుని ఒక్కొక్క ఐటం మీద 'ఎందుకు?' అని నోటు పెట్టినట్టు పరిశీలించాం.

ఎడమ డిస్కు గాడులు పడి, దాని మీదే ముద్రించి ఉండే కనిష్ఠ మందం కన్నా అరిగిపోయింది. అలాంటి దాన్ని లేత్ మీద తిప్పించకూడదు. మందం మిగిలి ఉంటేనే తిప్పించే మాట. కుడిది ఇంకా పనికొచ్చేదే, కాని ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. కనుక జత మార్చాం. ప్యాడ్లు నాలుగూ కొత్తవి. వెనుక షూలలో మందం ఉంది, శుభ్రం చేసి బిగువు సరిచేస్తే చాలింది. డ్రమ్ములు, సిలిండరు బాగున్నాయి, ముట్టుకోలేదు. ఆయిలు మాత్రం పూర్తిగా మార్పించాం. అసలు దోషం ఎక్కడుందంటే, క్యాలిపర్ జారే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దానికి కావలసింది శుభ్రం చేయడం, కొంచెం గ్రీజు, ఒక రబ్బరు తొడుగు. ఆ పిన్నును వదిలేసి ఉంటే కొత్త ప్యాడ్లు కూడా అలాగే అరిగేవి. మొదటి అంచనాలో సగంకన్నా తక్కువలో పని ముగిసింది.

అయినా అది పొదుపు కాదు మిత్రులారా. కీచుమన్న నాడే ప్యాడ్లు మార్చి ఉంటే డిస్కుల ఖర్చే ఉండేది కాదు. ఆడిట్ వారి భాషలో ఇది 'నివారించదగిన వ్యయం'.

నా అనుభవం మీద కొన్ని మనవులు. ప్యాడ్లు, ఆయిలు, డిస్కుల దగ్గర నకిలీ సరుకు కొనవద్దు, బిల్లు అడగండి. తీసేసిన పాత సామాను చూపించమనండి. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా, మొదట కొంత దూరం గట్టి బ్రేకు వేయక నెమ్మదిగా నడపండి. స్కూటర్లు, మోపెడ్లున్నవారు చక్రం దగ్గరి లివరు మీద అరుగుదల గుర్తు ఉంటే చూసుకోండి, కేబులు పోగులు తెగుతున్నాయేమో చూడండి. పాత లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, నోటితో ఊదవద్దు. తడిగుడ్డతో తుడిపించండి. ఘాటు ఎక్కిన గేరులోనే దిగమని మా డ్రైవరు మిత్రుడి మాట. ఇంజను మాత్రం ఆపవద్దు.

ఆ రోజు నేను మిగిల్చిన పెట్రోలు ఒక గ్లాసెడు కూడా ఉండదు. మనవడు ఇప్పటికీ, "తాతా, అట్ల జారుకుంటూ మళ్ళీ పోదామా?" అని అడుగుతుంటాడు. వాడికి జవాబు చెప్పలేక మీకు చెబుతున్నాను. ఇంటికి పోగానే ఒక్కసారి మీ బండి చప్పుడు వినండి.