పులి చారలు – కెమెరా కన్ను

పులులన్నియు నొక్కపోలికనే యుండునని తలంచుట మనకు సహజము. అడవిలో పులి ఎదురైన క్షణమున దాని చారల నెంచుచు నిలుచువాఁడెవఁడు? అటవీశాఖాధికారియైన ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్, తుపాకికంటె కెమెరాను మిన్నగా భావించి, మృగము కాలు తీఁగకు సోకినంతనే మెఱపుదీపము వెలిగి చిత్రము పడునట్లు బాటలయందు దాని నమర్చి, రాత్రివేళలఁ దీసిన చిత్రములతో 1927లో నొక గ్రంథమును వెలయించెను. అట్టి చిత్రములను ప్రక్కప్రక్కనఁ జేర్చి చూచినవారికి, ఏ రెండు పులుల చారలును సమానములు కావనియు, ఒకే పులికి సైతము కుడిప్రక్క చారలు వేఱు, ఎడమప్రక్క చారలు వేఱనియు తేటతెల్లమగును. ఇందువలననే నేఁడు నల్లమలలో పులులను లెక్కించువారు బాటకు ఇరువైపులను కెమెరాలు నిలుపుదురు. లేనిచో ఒకే పులిని రెండుగా నెంచు ప్రమాదము కలదు. అడుగుజాడలను బట్టి లెక్కించిన పూర్వపద్ధతికంటె నిది మిక్కిలి నమ్మఁదగినది.