ఒప్పుకొననివాని మాట

(యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



విద్యార్థులకు వాదనను పరిశీలించుట, వ్రాయుట నేర్పుటనుగూర్చి మాటలాడుమని మమ్మును కోరిరి. ఇది కళాశాల ఉపన్యాసకుల విషయమని తోచవచ్చును. కాని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములలో నివసించు మనకు ఇది ఇంటి విషయమే. ఉదయమే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడుడి. జిల్లాలనుండి వచ్చిన యౌవనస్థులు టిఫిను డబ్బా, నీళ్ల సీసా పట్టుకొని వచ్చి చీకటి పడువరకు చదువుచుందురు. అశోక్‌నగర్ సందులలోని కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్సు దుకాణములు వీరివలననే నడచుచున్నవి. మన ఆలయమునకు వచ్చువారిలోను వీరు కొందరు కలరు.

2024 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరునకు 150 మార్కులు. మూడు గంటలలో మూడు వ్యాసములు వ్రాయవలెను. తెలుగులోను వ్రాయవచ్చును. దానికి సిద్ధపడుచున్న కొందరికి ఆదివారము మధ్యాహ్నములు ఆలయపు హాలులో తరగతి పెట్టితిమి.

వారు మొదట తెచ్చిన వ్యాసములన్నియు ఒకే అచ్చులో పోసినట్లుండెను. ఒక మహనీయుని సూక్తితో ఆరంభము, నడుమ కొన్ని లెక్కలు, చివరకు అందరు కలసి కృషి చేయవలెనను ముగింపు. వ్రాసినవాని అభిప్రాయమేదో తెలియదు. తప్పు వారిది కాదు. గైడు చూచి అప్పజెప్పినవానికే మనము మార్కులు వేసితిమి. సండేస్కూలులో మేమును అట్లే చేసితిమి. వాక్యము అప్పజెప్పిన బిడ్డకు బహుమానమిచ్చి, “ఎందుకు?” అని అడిగిన బిడ్డను కూర్చోమంటిమి.

కాబట్టి మూడే ప్రశ్నలతో మొదలుపెట్టితిమి. నీవు చెప్పునదేమి? ఎందుకు చెప్పుచున్నావు? ఒప్పుకొననివాడు ఏమనును? ఇవి క్రొత్తవి కావు. కొండమీద నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ కనబడుచున్నది గనుక అనుట హేతువు. వంటయింటిలోవలె అనుట ఉదాహరణము. మన దేశపు న్యాయశాస్త్రము నేర్పిన క్రమమిది. ఎదుటివాని మాటను పూర్వపక్షముగా ముందుంచి, పిమ్మటనే తన సిద్ధాంతము చెప్పుట మన పండితుల మర్యాద.

వాదనను విడదీసి చూచుటకు అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయమును చదివించితిమి. న్యాయవాదియైన తెర్తుల్లు అధిపతిని పొగడి, పౌలును నిందించును. సాక్షిని మాత్రము నిలువబెట్టడు. పౌలు తాను యెరూషలేమునకు వచ్చి పండ్రెండు దినములే అయినదని చెప్పును. నేరమునకు ఋజువేదని అడుగును. తాను చేయునది దాచక ఒప్పుకొనును. అయినను ఫేలిక్సు తీర్పు చెప్పలేదు. పౌలు రెండేండ్లు బంధకములలోనే యుండెను. మంచి వాదన వెంటనే గెలుచునని మేము పిల్లలకు మాట ఇయ్యలేదు.

తరువాత ఒక విషయమిచ్చితిమి: ఉద్యోగ పరీక్షలకు వయోపరిమితి పెంచుట మేలా? తెలంగాణలో అది 2022లో 34 నుండి 44 ఏండ్లకు, 2024లో 46కు పెరిగినది. అందరును మేలనియే వ్రాసిరి. ఇప్పుడు కాదనువాని పక్షమున వ్రాయుడి, అతడు చదివి “ఇది నా మాటే” అనవలెను, అంటిమి.

అశోక్‌నగర్‌లో ఏడేండ్లుగా గది అద్దెకుండిన ఒక సహోదరుడు ఇట్లు వ్రాసెను: వయస్సు పెంచినంత మాత్రమున ఉద్యోగములు పెరుగవు, వచ్చే యేడు చూతమను మాటకు అంతములేదు, తండ్రి పంపు డబ్బుకు మాత్రము అంతమున్నది. చదువుచుండగా హాలు నిశ్శబ్దమాయెను. ఆ మాటకు అతడే ప్రత్యుత్తరము కూడ వ్రాసెను: 2014లో రాష్ట్రము ఏర్పడిన పిమ్మట గ్రూప్-1 ప్రకటన 2022లో గాని రాలేదు; 2022లోను 2023లోను వ్రాసిన ప్రిలిమ్స్ రెండును రద్దాయెను; పోయిన యేండ్లు మా తప్పువలన పోలేదు. మొదటి వ్యాసములో ఆవేశమే యుండెను. ఇందులో ఆధారముండెను.

తరగతి ముగిసిన తరువాత అతడు మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, రెండు పక్కలా నేనే రాశాను. కాని మొదటి పక్కకు నేనిచ్చిన జవాబు నాకే చాలలేదు” అనెను. చదువు మానుమని గాని కొనసాగించుమని గాని మేము చెప్పలేదు. అది అతడు తేల్చుకొనవలసినది. అవే మూడు ప్రశ్నలతో మీ నాయనకు ఒక ఉత్తరము వ్రాయుమంటిమి. ఫోనులో ఏడేండ్లుగా చెప్పలేనిది వ్రాసెను. ఇంకొక ప్రయత్నము మాత్రమే చేయుదునని గడువు తానే పెట్టుకొనెను. పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినను, ఆ ఉత్తరము వ్రాయగలిగినవాడు నేర్వవలసినది నేర్చెనని మా నమ్మకము.

చివరగా మూడు మనవులు. తల్లిదండ్రులారా, బిడ్డ “ఎందుకు?” అని అడిగినప్పుడు ఎదురు చెప్పుచున్నాడనుకొనవద్దు. రిటైరైన ఉపాధ్యాయులారా, ఆదివారము ఒక గంట వచ్చి ఒక్కొక్క వ్యాసము చదివిపెట్టుడి. దిద్దుటకు మేమొక్కరమే చాలము. యౌవనస్థులారా, మా ప్రసంగములను కూడ ఆ మూడు ప్రశ్నలతో పరీక్షించుడి. ప్రసంగపీఠముమీద నిలిచినవారికి ఎదురు మాట వినబడుట అరుదు. అందువలన మాకు కలిగిన నష్టము మేమెరుగుదుము.