అబ్బాయి వంటింట్లో నల్ల బీరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికా యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నయాగరా గురించి ఇదివరకే చాలామంది చెప్పారు. నేను మా అబ్బాయి వంటింట్లో చూసింది చెబుతాను.

ఎక్సైజు శాఖలో గుమాస్తాగా ముప్పైమూడేళ్లు సారా కేసుల ఫైళ్లు నడిపినవాణ్ణి. మా అన్నయ్య ఆ సారాకే పోయాడు. అందుచేత మా ఇంట్లో ఆ మాటే నిషిద్ధం. 2016లో పోర్ట్‌లండ్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్లిన మూడోనాడు గరాజులో పెద్ద పీపా, గొట్టాలు, సీసాలు కనబడ్డాయి. "ఏమిట్రా ఇది?" అన్నాను. "బీరు నాన్నగారూ, ఇంట్లోనే కాచుకుంటున్నాను" అన్నాడు తలవంచుకుని. నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు.

ఐదోనాడు వాడే వచ్చి చట్టం చూపించాడు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు. చట్టమన్నాక నేనేమంటాను? "సరే, కాచు. కుర్చీ వేసుకుని చూస్తాను" అన్నాను.

కిందటిసారి కాచింది సిరా వాసన కొట్టి పారబోశాడట. మళ్లీ కొత్త డబ్బాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. శాంపిలు సీసాల మీద సీలు, తేదీ చూసే అలవాటు కదా, డబ్బా తిప్పి చూశాను. గడువు ఆర్నెల్ల కిందటే దాటిపోయింది! చవగ్గా వచ్చాయని ఒకేసారి కొనేశాడట. అవి పక్కన పడేయించాను.

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. మనం రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి రాగిమాల్టు చేసుకుంటాం. మొలకలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. బార్లీని అలాగే మొలకెత్తించి, వేడినీళ్లలో తీపి దింపి, తేనెలా చిక్కబరిస్తే అదే ఈ పాకం. నిల్వ ఉన్నకొద్దీ పాకం నల్లబడి రుచి చెడుతుంది. పొడిరూపంలోది ఎక్కువకాలం ఆగుతుంది. కిలో పాకానికి బదులు సుమారు 800 గ్రాముల పొడి చాలు.

రెండో సంగతి. నల్ల బీరుకి నల్ల పాకమే కొనాలని మావాడి భ్రమ. అందులో ఏ గింజలు ఎంతెంత కలిశాయో చాలా డబ్బాల మీద ఉండదు. లేతరంగుది కొని, నలుపు వేయించిన గింజలతో తెచ్చుకుంటే రుచి మన చేతిలో ఉంటుంది. చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల సారం ముందే కలిపిన డబ్బాలూ ఉంటాయి. అది చూడకుండా మళ్లీ హాప్స్ వేస్తే నోట పెట్టలేం.

నేను రాసిపెట్టిన లెక్క ఇది. 19 లీటర్లకు లేతరంగు పాకం 3 కిలోలు, క్రిస్టల్ మాల్ట్ 225 గ్రాములు, బాగా వేయించిన బార్లీ 225 గ్రాములు. కాఫీ వాసన ఈ బార్లీదే. గింజలు బరకగా నలిపి, గుడ్డసంచీలో కట్టి, 68 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచాలి. మరిగిస్తే పొట్టులోని వగరు దిగుతుంది. సంచీ తీశాక, పొయ్యి ఆపి పాకం కలపాలి, లేకుంటే అడుగంటుతుంది. తరువాత హాప్స్ వేసి గంటసేపు మరిగించి, 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్టు వేయాలి. చల్లారాక తగిలే ప్రతి పాత్రా శుద్ధి చేసినదై ఉండాలి.

పాలు పరీక్షించే లాక్టోమీటరు లాంటిదే హైడ్రోమీటరు. మొదట 1.050 చూపింది, రెండు వారాలకు 1.014. ఆ తేడానుబట్టి ఆల్కహాలు నూటికి నాలుగున్నర పైచిలుకు. అంకె రెండుమూడు రోజులు కదలకుండా నిలిచాకే సీసాల్లో పోయాలి. తొందరపడితే సీసాలు పేలతాయి.

మరో మూడు వారాలకు ఒక సీసా తీశాడు. నాకు ఇవ్వబోలేదు, నేనూ అడగలేదు. వాసన మాత్రం చూశాను. డికాక్షన్ వాసన, సిరా ఛాయే లేదు. వాడు ఒక్క గ్లాసు తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. మా అన్నయ్య గ్లాసు ఏనాడూ ఒకటితో బోర్లపడలేదు. ఆ భయం నాలో పూర్తిగా పోయిందని చెప్పను. కానీ వాడు నా దగ్గర దాచడం మానేశాడు. ఇప్పటికీ ఫోనులో "డబ్బా మీద తేదీ చూశావురా?" అని అడుగుతాను. "చూశాను నాన్నగారూ" అంటాడు.

మీరూ కాచుకోండని కాదు సుమా! మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే 1968 ఎక్సైజు చట్టం కింద నేరం. పైగా మనమంతా బి.పి., షుగరు మాత్రల వాళ్లం. పిల్లలు దాచినదేదైనా కంటబడితే, కేకలు వేసేముందు ఒక్కపూట కుర్చీ వేసుకుని చూడండని మాత్రమే నా మనవి.