ఆంగ్లానికి నిచ్చెన మన భాషలే
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 సంవత్సరాలు పూర్తి చేసుకున్నది. మన మరాఠీ సోదరులు దీనిని అమృత మహోత్సవమంటారు. ఇటువంటి శుభసందర్భంలో గడిచిన కాలాన్ని కీర్తించడం ఆచారం. పెద్దలు ఆ పనిని నాకంటె చక్కగా నిర్వహించారు. నేను మాత్రం ప్రతి జూన్ నెలలో, ప్రవేశాల వేళ, నా గది గడప దగ్గర నిలబడి తల్లిదండ్రులు అడిగే ఒకే ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పదలచుకున్నాను. "మేడం, ఈ బడిల చదివితే మా పోరనికి ఇంగ్లీషు వస్తదా?" అన్నదే ఆ ప్రశ్న. ఆ ప్రశ్నలో తప్పు లేదు. సమాధానం చెప్పవలసిన బాధ్యత మాది.

ఈ పాఠశాల ఆరంభమైన నాడు కిన్వట్ హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాకు చెందిన తాలూకా. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో అది బొంబాయి రాష్ట్రంలోని నాందేడ్ జిల్లాలో చేరింది. అదే రోజున నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 1960 మే 1న మనం మహారాష్ట్ర వాసులమైనాము. ఇల్లు కదలకుండానే మన పెద్దలు మూడు రాష్ట్రాల పౌరులైనారు. అందుచేత ఇక్కడి బిడ్డకు ఇంట తెలుగు, బజారులో మరాఠీ, రైలుబండిలో హిందీ సహజంగా అలవడతాయి. కొందరి ఇళ్లలో గోండీ, లంబాడీ భాషలు కూడా ఉన్నాయి. ఒక మాధ్యమంలో చదువుకుంటూ ఆంగ్లాన్ని ఒక పాఠ్యాంశంగా నేర్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో శాస్త్రాలు బోధిస్తూనే ఆంగ్లాన్ని తప్పనిసరి చేసింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2000 సంవత్సరం నుండి అన్ని మాధ్యమాల పాఠశాలల్లోను ఒకటవ తరగతి నుండే ఆంగ్లాన్ని ప్రవేశపెట్టింది. కనుక మన బడిలో ఆంగ్లం ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు. ఉన్న ఆంగ్లాన్ని మేము ఎట్లా చెబుతున్నామన్నదే ప్రశ్న.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉపాధ్యాయ శిక్షణ పొంది వచ్చిన తొలి సంవత్సరాల్లో వ్యాకరణమంటే సూత్రమని, ఆంగ్లమంటే వ్యాకరణమని నమ్మినదానను. 'రామా కిల్డ్ రావణా' అన్న వాక్యాన్ని 'రావణా వాజ్ కిల్డ్ బై రామా' అని మార్పించి, రావణాసురుణ్ణి నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు చంపించానో లెక్కలేదు. పరీక్షకు ముందు గైడులోని సమాధానాలు కంఠస్థం చేయించాను. మార్కులు వచ్చాయి. మార్కులు వచ్చినవి గదా అని నేను సంతోషించాను.

ఆ రోజుల్లో పదవ తరగతి ఆంగ్లంలో తరగతికే ప్రథమురాలిగా నిలిచిన ఒక అమ్మాయి, పై చదువుకు వేరే ఊరికి వెళ్లి, నెల తిరగకముందే జీవశాస్త్ర పుస్తకం చంకన పెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. కాలేజీ మానేస్తానన్నది. ఒక వాక్యం మీద వేలు పెట్టి, "మాటలన్నీ ఎరుకే మేడం, వాక్యమే సమజైత లేదు" అని కంటనీరు పెట్టుకున్నది. ఆ వాక్యం ఇది: 'ద వాటర్ దట్ రైజెస్ ఫ్రమ్ ద రూట్స్ రీచెస్ ద లీవ్స్ త్రూ ఫైన్ ట్యూబ్స్.' ఆమె 'వాటర్ రైజెస్' అని చదివి, నీరు పైకెక్కుతున్నదని అర్థం చేసుకొని, అక్కడే వాక్యం ముగిసిందనుకున్నది. తరువాత వచ్చిన 'రీచెస్' ఎవరిదో ఆమెకు తెలియలేదు.

నేను తెలుగులో చెప్పాను: "వేళ్ల నుండి పైకెక్కే నీరు సన్నని నాళాల ద్వారా ఆకులకు చేరుతుంది." ఆ పిల్ల కొంతసేపు ఆలోచించి, "అయితే మేడం, ఇది మరాఠీల 'జే పాణీ వర్ చఢతే, తే పానాంపర్యంత్ పోహోచతే' అన్నట్టేనా? ఆ 'దట్' అంటే 'జే'నా?" అని అడిగింది. నేను నిర్ఘాంతపోయాను. నేను ఇన్నేళ్లుగా చెప్పలేకపోయిన పాఠాన్ని ఆ పిల్ల బజారు భాషతో నాకే చెప్పింది. ఆమె కాలేజీ మానలేదు. నేనే ఆ రోజునుండి మళ్లీ విద్యార్థినినైనాను.

ఆమె పట్టుకున్న సూక్ష్మాన్ని కొంచెం విప్పి చెబుతాను. తెలుగులో విశేషణమంతా నామవాచకానికి ముందు వస్తుంది. 'నిన్న ఊరినుండి వచ్చిన అబ్బాయి' అంటాము. ఆంగ్లంలో అబ్బాయి ముందు వస్తాడు, అతని కథ వెనుక వస్తుంది: 'ద బాయ్ హూ కేమ్ ఫ్రమ్ ద విలేజ్ యెస్టర్డే.' తెలుగులో క్రియ వాక్యాంతంలో ఉంటుంది, ఆంగ్లంలో కర్త వెంటనే ఉంటుంది. పొడవైన వాక్యం దగ్గర మన పిల్లలు తడబడేది ఇందుకే. కాని మరాఠీలో 'జో ములగా కాల్ ఆలా, తో మాఝా భావూ ఆహే' అనే మరొక పద్ధతి ఉన్నది. ఆ 'జో' ఆంగ్లంలోని 'హూ'కు దారి చూపుతుంది. అట్లే, తెలుగులో 'ఆయన మా ఉపాధ్యాయుడు' అన్నప్పుడు క్రియే ఉండదు. అందుకే పిల్లలు 'హీ అవర్ టీచర్' అని వ్రాస్తారు. మరాఠీలో 'తే ఆమచే శిక్షక్ ఆహేత్' అంటారు. ఆ 'ఆహేత్' మానకూడదని తెలిసిన పిల్లకు 'ఈజ్' మానకూడదని చెప్పడం ఎంతసేపు?

అన్నిచోట్లా ఈ వంతెన నిలవదు. 'నాకు ఆకలిగా ఉంది', 'మలా భూక్ లాగలీ ఆహే' అని మన రెండు భాషలూ 'నాకు' అనే అంటాయి. ఆంగ్లం 'ఐ యామ్ హంగ్రీ' అంటుంది. 'ఎ', 'ఆన్', 'ద' అనే చిన్న మాటలకు మన రెండు భాషల్లోను సరియైన జోడీ లేదు. అటువంటి చోట ఆగి, ఇక్కడ మన దారి వేరు, వారి దారి వేరు అని ముందుగా హెచ్చరించాలి. కలిసిన చోట చేయి పట్టుకొని నడిపించడం, విడిపోయిన చోట దీపం పట్టడం, వ్యాకరణ బోధన అంటే ఇంతే.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. చైనా దేశపు ఉన్నత పాఠశాల విద్యార్థులను చూడండి. వారి భాషలో కాలాన్ని బట్టి క్రియారూపం మారదు. 'గో', 'వెంట్' అన్న భేదం వారికి కొత్త. మన పిల్లలకు 'వెళతాను', 'వెళ్లాను' ఉన్నవి గనుక ఆ భావం సులభం. కర్త, క్రియ, కర్మ అనే వరుస వారికి పుట్టుకతో వచ్చింది, మనకు రాలేదు. విశేషణం నామవాచకానికి ముందే రావడం, 'ఎ', 'ద' లేకపోవడం ఇద్దరికీ సమానమే. కనుక ఆంగ్ల వ్యాకరణ పుస్తకం ఒకటే అయినా, ఏ పుట దగ్గర ఎక్కువసేపు ఆగాలో చెప్పేది బిడ్డ మాతృభాష. దానిని ఎరుగని ఉపాధ్యాయుడు తెలిసిన చోట గంటలు గడిపి, తెలియని చోట పుట తిప్పేస్తాడు.

ఇక పదసంపద. మైకేల్ వెస్ట్ అనే ఆంగ్ల విద్యావేత్త అవిభక్త వంగదేశంలోని ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలకు ముందు కావలసినది చదివే శక్తి అని గ్రహించి, పరిమిత పదాలతో వాచకాలు తయారుచేశారు. 1953లో ఆయన ప్రకటించిన పట్టికలో సుమారు 2,000 ముఖ్యపదాలున్నవి. సాధారణ రచనల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటల్లో అధికభాగం అందులోనివే. రోజుకు 2 మాటలు, ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుండి పది వరకు 5 సంవత్సరాలు. గుణించి చూడండి, 2,000 అవుతాయి. కొండంత పని అనుకున్నది రోజుకు రెండు గులకరాళ్లు.

అందులోను కొన్ని మన దగ్గర ఇదివరకే ఉన్నవి. మన స్టేషనులో సిగ్నల్, ప్లాట్‌ఫారం, రిటర్న్ టికెట్ అనని వారెవరు? 'రిటర్న్ టికెట్' తెలిసిన బాలుడికి 'హీ రిటర్న్డ్ ద బుక్' అన్న వాక్యం సగం తెలిసినట్లే. బస్సు ఛార్జీ తెలిసిన పిల్లకు 'షీ ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద లైబ్రరీ' అన్నచోట అర్థం మారిందని చెబితే, మాట ఒకటైనా వాక్యాన్ని బట్టి విలువ మారుతుందని గ్రహిస్తుంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అని ఉపసర్గలతో మాటలు పుట్టడం మనకు తెలుసు. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ కూడా అదే సంసారం. ఒక మాటను గాక, ఒక కుటుంబాన్ని పరిచయం చేస్తే జ్ఞాపకం నిలుస్తుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది పఠనం. 1979 నుండి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు గారు దక్షిణ భారత పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపారు. పిల్లల మనస్సు అర్థం మీద, చేయవలసిన పని మీద లగ్నమైనప్పుడు వ్యాకరణం దానంతట అదే పట్టుబడుతుందన్నది ఆయన విశ్వాసం. నేను సూత్రాలను పూర్తిగా మాన్పించలేదు. కాని వాటిని చదువుకు ముందు గాక, చదువు మధ్యలో చెబుతున్నాను. మా తరగతిలో అపరిచిత గద్యాన్ని ఇట్లా చదువుతారు. మొదటిసారి ఆగకుండా చదివి, ఇది దేనిని గురించో ఒక్క మాటలో చెప్పాలి. రెండవసారి ప్రతి వాక్యంలో ప్రధాన క్రియ కింద గీత గీయాలి, దాని కర్త ఎవరో వెతకాలి. తెలియని మాటకు వెంటనే నిఘంటువు తీయక, ముందువెనుకలను బట్టి ఊహించి, తరువాత నిఘంటువుతో సరిచూడాలి. చివరకు చదివినది తెలుగులో చెప్పాలి. తెలుగులో చెప్పగలిగిన పిల్లకే అర్థమైనట్లు. ఆంగ్ల వాక్యాన్ని ఆంగ్లంలోనే వల్లించిన పిల్లకు ఏమి తెలిసిందో నాకు తెలియదు. వారికీ తెలియదు.

తల్లిదండ్రులారా, మన బల్లలు కొన్ని ఖాళీగా ఉన్నవని నేను దాచను. నది అవతల తెలంగాణలో సైతం 2022-23 విద్యాసంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదవ తరగతి వరకు, వీలైతే ఎనిమిదవ తరగతి వరకు, ఆపైన కూడా ఇంటి భాషలో బోధన మేలని చెప్పినా, ఆ మాట తల్లి మనస్సులోని భయాన్ని తీర్చదు. ఆ భయాన్ని తీర్చవలసినది మా తరగతి గది. నేను ఇవ్వగలిగిన మాట ఇది: మా దగ్గర పది పూర్తిచేసిన బిడ్డ ఒక పుట ఆంగ్లాన్ని గైడు లేకుండా తానే చదివి అర్థం చేసుకోవాలి. అది జరగని నాడు వచ్చి నన్ను అడగండి. అడిగే హక్కు మీకున్నది.

మీ నుండి నేను కోరేది స్వల్పం. రాత్రి భోజనాల వేళ, "ఇయ్యాల ఇంగ్లీషుల ఏం చదివినవు బిడ్డా, మాకు జర చెప్పు" అని తెలుగులో అడగండి. మీకు ఆంగ్లం రాకపోయినా ఫరవాలేదు. వినే తల్లి ఉన్న పిల్ల చదువుతుంది.

పూర్వ విద్యార్థులారా, ఈ ఉత్సవానికి జ్ఞాపికగా మీరిచ్చే రాతిఫలకాల కన్న, పిల్లలు చదవగల చిన్న చిన్న ఆంగ్ల కథల పుస్తకాలు మాకు ఎక్కువ ఉపయోగం. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఒక్క గంట బడికి వచ్చి, మీ ఉద్యోగంలో ఆంగ్లం ఎక్కడ అవసరమైందో, మొదట ఎంత తడబడ్డారో దాచకుండా చెప్పండి. తడబడినవారే నిలబడ్డారని తెలిస్తే పిల్లలకు ధైర్యం కలుగుతుంది.

సహోపాధ్యాయులారా, ఆంగ్ల తరగతిలో తెలుగు మాట్లాడిన పిల్లను చిన్నబుచ్చవద్దు. ఆ తెలుగు మాటలోనే, ఆ మరాఠీ మాటలోనే మనం వెతుకుతున్న తాళంచెవి ఉండవచ్చును. నాకు ఒక పిల్ల ఇచ్చింది. మీకు మరొకరు ఇస్తారు.