భుజం నొప్పి, షుగరు, మా అక్క

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

గుండె జబ్బుల గురించి ఓ పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. సిద్ధమయ్యే వచ్చాను. కానీ నిన్న సాయంత్రం పేర్లు రాయించుకునే బల్ల దగ్గర కూర్చుని మిమ్మల్నే చూస్తుండిపోయాను. బ్యాగు భుజానికి తగిలించుకోబోయి 'అబ్బా' అన్నవాళ్లున్నారు. సంతకం పెట్టాక ముడుచుకుపోయిన వేలిని రెండో చేత్తో లాగి సరిచేసుకున్నవాళ్లున్నారు. మెట్లు దిగుతూ మడమ తడుముకున్నవాళ్లయితే లెక్కే లేదు. రాత్రికి విషయం మార్చేశాను. ఈ నొప్పుల గురించే చెప్తాను.

సైన్సు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, జాగ్రత్తగా చెప్పాలి. కండరాన్ని ఎముకకు కట్టేది స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కట్టేది సంధిబంధనం. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేసి మార్కు పోగొట్టుకున్నవాణ్ణి నేనే. ఆ స్నాయుబంధనాన్నే మేం టెండన్ అంటాం. కొల్లాజెన్ అనే ప్రొటీను పోగులతో పేనిన తాడు అది.

ఆ తాడు వయసు ఎంతో తెలుసా? 1950లలో, 60ల మొదట్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఏ ఏడాది తయారైన కణజాలంలో ఆ ఏడాది గాలి ముద్ర ఉంటుంది. దీని ఆధారంగా డెన్మార్క్ పరిశోధకులు మడమ వెనకుండే అకిలిస్ టెండన్‌ను పరీక్షించి 2013లో ఫలితం ప్రకటించారు. దాని నడిమి భాగం పదిహేడేళ్లు వచ్చేలోపే తయారైపోతుందట. ఆ తర్వాత దాదాపుగా మారదు. కండరం మాత్రం ఎప్పటికప్పుడు కొత్తదవుతూనే ఉంటుంది. అంటే డ్రిల్లు మాస్టారు ఈ గ్రౌండు చుట్టూ పరుగెత్తించినప్పుడు ఉన్న తాడు మీదే మనం ఇవాళా నడుస్తున్నాం.

ఇక్కడే షుగరు వస్తుంది. పెనం మీద దోసె ఎర్రబడుతుంది చూడండి, అక్కడ చక్కెరా ప్రొటీనూ కలిసి మారిపోతాయి. అలాంటి రసాయన చర్యే ఒంట్లోనూ జరుగుతుంది, మంట లేకుండా, ఏళ్ల తరబడి నెమ్మదిగా. మీరు చేయించుకునే హెచ్‌బీఎ1సీ పరీక్ష కొలిచేది అదే, రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజు అంటుకుందీ అని. ఎర్ర రక్తకణం బతికేది 120 రోజులు కాబట్టి అది మూడు నెలల లెక్క చెప్తుంది. టెండన్‌కు ఆ సదుపాయం లేదు. పాతది పోయి కొత్తది రాదు, అంటుకున్నది పేరుకుంటుంది. పోగులు ఒకదానికొకటి అతుక్కుని తాడు బిరుసెక్కుతుంది. దెబ్బ తగిలితే మానడం ఆలస్యమవుతుంది.

ఇప్పుడు మా అక్క సంగతి. ఆవిడా ఈ బడిలోనే చదివింది, ఇక్కడే కూర్చుని ఉంది. చెప్పమని అనుమతి ఇచ్చింది కాబట్టే చెప్తున్నాను.

కొన్నేళ్ల క్రితం ఫోను చేసి, 'ఒరేయ్, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవడం లేదురా' అంది. 'వయసే అక్కా, కాపడం పెట్టుకో' అన్నాను. రెండు నెలలకు మళ్లీ చేసింది. నొప్పి మాత్ర పేరు చెప్పాను. దేవుడి గదిలో పై అరలో ఉండే కుంకుమ భరిణ అందక కిందికి దించుకున్నానంది. నవ్వాను కూడా. ఎనిమిది నెలలు గడిచాక కంటి ముందు నల్లటి మచ్చలు కదులుతున్నాయని కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. రెటీనాలో రక్తస్రావం. హెచ్‌బీఎ1సీ 11. ఆరున్నర గానీ ఆపైన గానీ ఉంటేనే మధుమేహం అంటాం.

ఫ్రోజెన్ షోల్డర్ మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురి నుంచి ఐదుగురి దాకా వస్తుంది. షుగరు ఉన్నవాళ్లలో పది నుంచి ఇరవై మందికి. నిజానికి అది టెండన్ జబ్బు కాదు, కీలు చుట్టూ ఉండే సంచి బిగుసుకుపోవడం. ఆ సంచీ కొల్లాజెన్‌దే. ఇదంతా నేను పరీక్ష రాసి పాసైన పాఠం. వేరే ఎవరైనా వచ్చి అదే మాట చెబితే వెంటనే రక్త పరీక్ష రాసేవాణ్ణి. అక్క నన్నొక్క మాట అనలేదు. 'నువ్వు చెప్పావు కదా అని ఊరుకున్నానురా' అంది, అంతే. లేజరు చికిత్సతో చూపు చాలావరకు నిలబడింది. ఎడమ కన్ను మాత్రం కొంత తగ్గింది.

షుగరు ఒక్కటే కారణమని కాదు. థైరాయిడ్ తగ్గినా భుజం బిగుస్తుంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ మరీ ఎక్కువగా ఉండే కుటుంబాల్లో కొవ్వు చేరి మడమ వెనక తాడు లావెక్కుతుంది. అది చూసి గుండెను కాపాడుకోవచ్చు.

అక్కలు ఇది ప్రత్యేకంగా వినాలి. టెండన్ కణాలు ఈస్ట్రోజెన్ హార్మోనును గుర్తుపడతాయి. నెలసరి ఆగిపోయాక ఆ హార్మోను తగ్గుతుంది, తాడు మరమ్మతూ మందగిస్తుంది. తుంటి పక్కన నొప్పి, ఆ వైపు ఒత్తిగిలి పడుకోలేకపోవడం ఆ వయసు స్త్రీలలో చాలా ఎక్కువ. దాన్ని సయాటికా అనో, కీలు అరిగిందనో అనుకుని ఏళ్లు గడిపేస్తారు. 'ఆడవాళ్లకు ఇవి మామూలే' అని పంపించేసే డాక్టర్ల మీద నాకు కోపం. ఆ జాబితాలో నేనూ ఉన్నాను కాబట్టి గట్టిగా అనలేను.

సూది మందు గురించి ఒక్క మాట. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్నాళ్లు ఉపశమనం ఇస్తుంది, కానీ షుగరు ఉన్నవాళ్లకు కొన్ని రోజుల పాటు షుగరు పెంచుతుంది. డాక్టరుకు ముందే చెప్పండి. ఏ పేరూ లేని పొట్లాం మందుతో ఒక్క రోజులో నొప్పులు మాయమైతే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించండి. ఎక్కువ కాలం వాడితే అదే టెండన్‌ను బలహీనం చేస్తుంది.

మరి తాడు మారనప్పుడు ఏం లాభం అంటారా? నడిమి పోగులు మారకపోయినా వాటి చుట్టూ ఉన్న కణాలు పనికి స్పందిస్తాయి. పూర్తిగా కదపకుండా ఉంచితే ఇంకా నీరసిస్తుంది. మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమలు మెల్లగా దించే వ్యాయామాన్ని 1998లో స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ ప్రచారంలోకి తెచ్చాడు. రోజుకు రెండు పూటలా, 12 వారాలు. రెండు వారాలు చేసి తగ్గలేదని మానేసేవాళ్లే ఎక్కువ. తాడు దాని తీరిక చూసుకుని బాగుపడుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మడమ వెనక 'టప్'మని తెగినట్టు అనిపిస్తే వ్యాయామం కాదు, అదే రోజు ఆసుపత్రి.

నా బ్యాగులో గ్లూకోమీటరు ఉంది. మన పాత పదో తరగతి గదిలో, కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంటాను. వేలి నుంచి ఒక్క చుక్క చాలు. అక్క పేర్లు రాసుకుంటానంది. భోజనాల్లో పూర్ణం బూరెలు ఉన్నాయని ఇప్పుడే తెలిసింది, కాబట్టి పన్నెండున్నర లోపలే రండి.