విద్యాచరిత్రము చదువనేల?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. పగలెల్ల సహకార సంఘపు చిట్టా ఆవర్జాలతోను, రాత్రులు ఈ బీరువాలలోని భారత భాగవతములతోను కాలము పుచ్చువాడను. విద్యాశాస్త్రమున నాకు అధికారము లేదు. అయినను మన ఊర వినవచ్చుచున్న ప్రశ్న యొకదానికి సమాధానము చెప్పవలెనని లేచితిని.

మన గ్రామపు ఆడపడుచు ఒకతె పట్టపరీక్ష ముగించి, విశ్వవిద్యాలయమున విద్యాశాస్త్రమును, అందును విద్యాచరిత్రమును అభ్యసించుచున్నది. బడి నడుపుట నేర్చిన చాలును గాని గతించిన బడుల గొడవ యేలయని అరుగులమీద కొందఱనిరి. నేనును ఆమెనే అడిగితిని. "మా నాయనమ్మ సంఘంలో అప్పు తీసుకున్నప్పుడు వేలిముద్ర వేయించుకున్నది మీరే కదా, బాబాయిగారూ! ఆమె తెలివితక్కువది కాదు, వడ్డీ నోటితోనే కట్టి చెప్పేది. ఆమె బడికి పోకూడదని ఎవరు అనుకున్నారో, ఎప్పటినుంచి అనుకున్నారో తెలుసుకోవాలని చదువుతున్నాను" అన్నది. భారతమున గురువు ఏకలవ్యుని బొటనవ్రేలు గైకొనెను. ఈ ముసలమ్మకు అక్షరములన్నియు పోయి ఆ వ్రేలొక్కటే మిగిలినది.

ఆమె నాకొక లెక్క చూపినది; లెక్కయన్న నాకు ఆసక్తి గదా! దత్తమండలములవారు మన్రోలయ్య యని తమ పిల్లలకు పేరిడుకొన్న సర్ థామస్ మన్రో, చెన్నపురి గవర్నరుగా నుండి, తన ఏలుబడిలో బడులెన్ని, చదువువారెందరు అని 1822లో కలెక్టరులను అడిగెను. 1826 మార్చిలో ఆయన వ్రాసినదానినిబట్టి 1,28,50,941 జనమునకు 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు. భాగించి చూచితిని, 68 మందికి ఒకరు. ఇండ్లలో చదువుకొనువారు వేఱు. చెన్నపట్నముననే అట్టివారు 26,963 మంది యని తేలినది.

బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక మనకు మిక్కిలి దగ్గఱిది. నేటి అనంతపురపు సీమ అప్పుడు ఆ జిల్లాలోనిదే. మొత్తము 533 బడులు. కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. ఉదయమున మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ పైవారికి వరుసగా హెచ్చును. మన పెద్దలు 'శ్రీ, చుక్క' అని చెప్పుకొనునది ఇదియే కాబోలు. బిడ్డలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురు. ఇట్టి ఇసుక వ్రాతనే ఆండ్రూ బెల్ దొర ఒక దేశీయపు బడిలో చూచి, ఎగ్మూరు అనాథబాలుర శాలయందు ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత పిన్నలకు చెప్పించు పద్ధతితో చేర్చి, 1797లో లండనులో పుస్తకము వేసెను. అది అక్కడ మద్రాసు పద్ధతి యని పేరొందినది.

కాంబెల్ మఱియొక మాటయు వ్రాసెను. బడిలోని పద్యములు వాడుకలో లేని భాషయందుండుటచే బాలురు అర్థ మెఱుగక చిలుకలవలె వల్లించుచున్నారట. పద్యమన్న ప్రాణమిచ్చు నాకు ఈ మాట కష్టముగా తోచినది, అయినను కాదనజాలను. నాకు అర్థము తెలిసినది బడిలో గాదు, ఈ గ్రంథాలయపు టీకాతాత్పర్యములవలననే.

ఈ లెక్కలపై పెద్ద వాదమే నడచినది. 1931 అక్టోబరు 20న లండనులో గాంధిమహాత్ముడు, దొరలు మన విద్య అనెడి సుందరవృక్షపు వేళ్లను పెకలించి విడిచిరనెను. సర్ ఫిలిప్ హార్టాగ్ ఋజువు చూపుమని పట్టుపట్టెను. తరువాత ధర్మపాల్‌గారు ఆ పట్టికలను 1983లో గ్రంథముగా ప్రకటించి, తమిళ జిల్లాలలో శూద్రులనబడినవారి పిల్లలే బడులలో హెచ్చుగా నుండిరని చూపిరి. ఇది సంతోషింపదగినదే. బళ్లారిలో బడులు మూతబడుటకు సీమగుడ్డ వచ్చి నేతవారి బ్రతుకులు చితికిపోవుట ఒక కారణమని కాంబెలే ఒప్పుకొన్నాడు. ఆకలిగొన్న ఇంట పలకకు చోటెక్కడిది?

కాని ఆ అమ్మాయి వ్రేలు పెట్టి చూపినది వేఱొక గడి. బళ్లారి విద్యార్థులు 6,641 మంది. అందు బాలికలు 60. నూటికి ఒక్కతెయైనను లేదు! పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులములు, ముసల్మానులు అని గడులు కలవు. ఆమె నాయనమ్మ పూర్వులు 'ఇతర' గడిలో నుండవలెను. లేదా ఏ గడిలోను ఉండరు. చెట్టును నరికిరని ఒకరు, చెట్టే లేదని ఒకరు అనుచుండగా, చెట్టు నీడ ఎవరి వాకిటివఱకు పడినదని అడుగుట ఆమె చదువు. ఉద్యోగమునకు పనికివచ్చునో లేదో నేనెఱుగను. ఇది పనిలేని చదువని మాత్రము ఒప్పుకొనను.

కలెక్టరు దొర తానే ఊరూర తిరిగి తలలు లెక్కించియుండడు. మావంటి లెక్కలవాడెవడో అరుగుమీద గూర్చుండి వ్రాసియుండును. ఏ వీధి తాను చూడలేదో వాడు వ్రాయడు గదా!

ఆమె వేసవి సెలవులలో మన ఊరి బడుల చరిత్ర వ్రాయ నుద్దేశించినది. మీ అటకలపై పాత హాజరు పట్టీలు, తాటాకులు, పంతులకు జీతమిచ్చిన చీట్లు ఉన్నయెడల పాత కాగితములవానికి వేయక ఇచ్చటికి తెండు. రసీదు నేను వ్రాసి యిత్తును. బడి మొగము చూడని ముదుసలి స్త్రీలయొద్దకు ఆమెయే వచ్చి వారి మాటలు వ్రాసికొనును. అప్పుడు వారిని "నీకేమి తెలియును" అని లోపలికి పంపకుడు.